కూపను వెనుకటి లెక్క

గత విద్యా సంవత్సరమున అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసిన వారములో, మా తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె గణితపు గంటలో లేచి నిలుచుండి మమ్మొక ప్రశ్న అడిగెను. ఆమె తల్లి ధర్మపురికి సమీపమున ఒక గ్రామములో చిన్న మళిగ అంగడి నడుపుచున్నది. ముందునాటి సాయంకాలము పొరుగింటి ఆవిడ ఒక సబ్బు అట్టనుండి కత్తిరించిన 5 రూపాయల కూపనును తెచ్చి, మరియొక సబ్బును ఆ మేరకు తగ్గించి యిమ్మని కోరినది. తల్లి సమ్మతింపలేదు. "కంపెనీవాడు మాకిచ్చింది నువ్వు మింగుతున్నావు" అని ఆ యిల్లాలు నలుగురి యెదుట అనినదట. బాలిక కన్నులు తుడుచుకొనుచు మమ్ము అడిగినది ఇది: "ఆ అయిదు రూపాయలు మా అమ్మకు ఎవరిస్తారు సార్?"

తరగతిలో 42 మంది యుండిరి. కంపెనీ యిచ్చునని కొందరు, ప్రభుత్వ మిచ్చునని కొందరు, ఎవరును ఈయరని కొందరు పలికిరి. మేమును ఆనాడు పూర్తి సమాధానము చెప్పలేకపోతిమి. మాకు తెలిసినది కొంత మా తండ్రిగారి అంగడిలో నేర్చినది. తక్కినది పిమ్మట చదివియు, ఏజెన్సీలవారిని, లెక్కలు వ్రాయువారిని విచారించియు తెలిసికొంటిమి. మా విద్యార్థులలో పెక్కండ్ర యిండ్లకు అంగడియో, సంతలోని దుకాణమో జీవనాధారము. కావున ఆ బాలికకు మేము బాకీపడిన సమాధానమును ఈ వార్షిక సంచికలో పాఠముగా వ్రాయుచున్నాము.

కూపను అనగా నేమి?

కూపను అను మాట 'కత్తిరించు' అను అర్థముగల ఫ్రెంచి క్రియనుండి పుట్టినది. పత్రికనుండియో, సరుకు అట్టనుండియో కత్తిరించి తీయు చీటి గనుక ఆ పేరు వచ్చినది. దానిపై సరుకు పేరు, తగ్గింపు మొత్తము, గడువు తేదీ, కొన్ని నియమములు అచ్చు వేయబడి యుండును.

తగ్గింపు చీటీలన్నియు ఒక జాతివి కావు. అంగడివాడు తానై అచ్చు వేయించి పంచు చీటి యొకటి. దానివలన తగ్గిన మొత్తమును అతడే తన లాభమునుండి భరించును. ఇతరులను అడుగవలసిన పని లేదు. సరుకు తయారుచేయు సంస్థ ఇచ్చు చీటి రెండవది. ఈ పాఠము దానిని గూర్చినదే. పొంగలి పండుగకు ముందు రేషను అంగడివారు ఇచ్చు టోకెను ఈ రెండింటిలో దేనికిని చేరదు. ఏ దినమున ఏ వేళకు వచ్చి సరుకు తీసికొనవలెనో తెలుపు వరుస చీటి మాత్రమే యది.

తయారీదారుని కూపనును అర్థము చేసికొనుటకు మన పెద్దలెరిగిన హుండీని తలచుకొన్న చాలును. సేలములోని వర్తకుడొకడు ధర్మపురిలోని తన యెరుకగల వర్తకునకు, "ఈ కాగితము తెచ్చినవానికి ఇంత సొమ్మిచ్చి నా లెక్కలో వ్రాసికొనుము" అని వ్రాసి యిచ్చిన చీటియే హుండీ. చూచినంతనే చెల్లింపవలసినది దర్శనీ హుండీ. గడువు మీద చెల్లింపవలసినది ముద్దతీ హుండీ. కూపను ఒక విధమున దర్శనీ హుండీ వంటిది. వ్రాసినవాడు తయారీదారుడు, తెచ్చినవాడు కొనుగోలుదారుడు, చెల్లించువాడు అంగడివాడు.

కాని యొక భేదము కలదు. హుండీలో చెల్లించువాడు వ్రాసినవానిని ఎరిగియుండును. ఇరువురి నడుమ ముందే లెక్క యుండును. కూపను విషయమున మన గ్రామపు అంగడివాడు ఎక్కడనో యున్న తయారీదారుని మొగము ఎన్నడును చూచి యుండడు. అయినను అతని మాటను నమ్మి తన గల్లా పెట్టెలోని సొమ్మును ముందుగా వదలుకొనుచున్నాడు. ఇది మొదట గ్రహింపవలసిన విషయము.

కూపను నడచు మార్గము

మన ప్రాంతమున సాధారణముగా జరుగు క్రమమిది.

మొదట, ఏజెన్సీనుండి వరుసగా అంగళ్లకు వచ్చు సేల్స్‌మ్యాన్ పథకమును తెలిపి, దానిలో చేరు అంగళ్ల పేర్లు వ్రాసికొనును. చేరని అంగడివాడు కూపను తీసికొన్నచో అతనికి తిరిగి సొమ్మువచ్చునను హామీ లేదు.

రెండవది, కొనుగోలుదారుడు కూపను తెచ్చినపుడు అంగడివాడు నాలుగు విషయములు చూడవలెను: కూపనులో చెప్పిన సరుకే కొనుచున్నాడా, చెప్పిన పరిమాణమే కొనుచున్నాడా, గడువు మిగిలియున్నదా, కూపను అసలుదా లేక జెరాక్సు ప్రతియా.

మూడవది, తగ్గించిన మొత్తమును బిల్లులో వేరుగా చూపి, కూపనును చెరుగకుండ, చినుగకుండ దాచవలెను.

నాలుగవది, నెల ముగియగనే కూపనులను సరుకు వారీగా కట్టలు కట్టి, ఎన్ని, ఎంత మొత్తము అని పట్టిక వ్రాసి ఏజెన్సీ మనిషికి అప్పగించి, నకలు మీద అతని సంతకము తీసికొనవలెను. ఆ సంతకమే అంగడివానికి సాక్ష్యము.

ఐదవది, ఏజెన్సీవారు తమ ప్రాంతపు అంగళ్లన్నిటి పట్టికలను ఒకటిగా చేర్చి సంస్థకు పంపుదురు. వ్యాపారులు దీనినే క్లెయిము అందురు. సంస్థవారు కూపనులను లెక్కించి, అచ్చట కొన్న సరుకుతో పోల్చి చూతురు. ఒక అంగడికి పథకము నడచిన కాలమున 60 సబ్బులు మాత్రమే పోయి యుండగా 90 కూపనులు వచ్చినచో అనుమానము కలుగుట సహజము.

ఆరవది, సంస్థ అంగీకరించిన మొత్తమునకు క్రెడిట్ నోటు వ్రాయును. "ఇంత సొమ్ము మీకు మేము బాకీ, రాబోవు బిల్లులో తగ్గించుకొనుడు" అని తెలుపు పత్రమే క్రెడిట్ నోటు. అది ఏజెన్సీ పేర వచ్చును. ఏజెన్సీవారు అంగడివాని తరువాతి బిల్లులో ఆ మేరకు జమ కట్టుదురు, లేదా అంత విలువగల సరుకు నిత్తురు. అంగడివాడు ఇచ్చినది నగదు. తిరిగి పొందునది పెక్కు పర్యాయములు నగదు కాదు.

పెద్ద నగరములలో అనేక శాఖలుగల అంగళ్లకు ఈ చిక్కు కొంత తక్కువ. వారు నేరుగా సంస్థతో ఒప్పందము వ్రాసికొందురు. వారి కంప్యూటరు ప్రతి తగ్గింపును తానే నమోదు చేయును. చిక్కంతయు చేతితో లెక్క వ్రాయు చిన్న అంగడివానిదే.

లాభము కాగితముగా మారుట

ఇక లెక్క చూతము. విద్యార్థులు పలక మీద వేసి చూచుకొనవలెను.

ఒక సబ్బు వెల 50 రూపాయలు. అంగడివాడు ఏజెన్సీవద్ద దానిని 45 రూపాయలకు కొనెను. కూపను లేనిచో ఒక సబ్బు మీద అతని లాభము 5 రూపాయలు. ఇప్పుడు 5 రూపాయల కూపను వచ్చినది. కొనుగోలుదారుడు 45 రూపాయల నగదును, ఒక చీటిని ఇచ్చెను. అనగా సరుకునకు పెట్టిన మూలధనము మాత్రమే నగదుగా తిరిగి వచ్చినది. లాభమంతయు ఆ చీటిలోనే యున్నది.

ఇట్లు 100 సబ్బులు అమ్మెననుకొందము. చేతికి వచ్చిన నగదు 4,500 రూపాయలు. సరుకునకు పెట్టినదియు 4,500 రూపాయలే. అతని 500 రూపాయల లాభము 100 కాగితపు ముక్కలై డబ్బాలో కూర్చున్నది. ఆ ముక్కలు సొమ్ముగా మారువరకు ఇంటి కర్చు, కరెంటు బిల్లు, పిల్లల బడి కర్చు మరియొక దారిన తేవలెను. రెండు నెలలు ఆలస్యమైనచో ఆ రెండు నెలలును చిన్న అంగడివాడు పెద్ద సంస్థకు వడ్డీలేని అప్పు ఇచ్చినట్లే. నూరు మంది అంగడివారు ఇట్లు 500 చొప్పున ఆగినచో, 50,000 రూపాయలు వారి చేతిలో లేకుండ సంస్థ చేతిలో నిలిచి యుండును.

ఇంకొక మెట్టు పోదము. ఆ 100 కూపనులలో 20 చెల్లలేదనుకొందము. నష్టము 100 రూపాయలు. 5,000 రూపాయల అమ్మకములో 100 అనగా నూటికి 2 మాత్రమే. చూచువారికి అల్పముగా తోచును. కాని అంగడివాని లాభము 500. దానిలో 100 పోయినది. అనగా నూటికి 20 పోయినది. అమ్మకముతో పోల్చినపుడు ఈగయంత కనబడిన నష్టము, లాభముతో పోల్చినపుడు పిడికెడు మెతుకులంత యగును. పొరుగింటి ఆవిడకు కనబడినది మొదటి లెక్క. మన విద్యార్థిని తల్లి మనసులో నున్నది రెండవ లెక్క. ఇద్దరును అబద్ధము పలుకలేదు. ఒకరి లెక్క మరియొకరికి తెలియలేదు.

మా తండ్రిగారి తీగ

ఈ లెక్కను మేము పుస్తకములో నేర్వలేదు. మేము ఆరవ తరగతి చదువుచుండిన కాలము, అనగా 1980 తరువాతి మొదటి సంవత్సరములు. మా తండ్రిగారికి పాలక్కోడు ప్రాంతమున ఒక చిన్న అంగడి యుండెను. ఆయన తెలుగులో చిట్టా, ఆవర్జా చక్కగా వ్రాయుదురు. తమిళము, కన్నడము ధారాళముగా మాటలాడుదురు. ఆంగ్లము రాదు. ఆ దినములలో ఒక బట్టల సబ్బు పొడికి ఒక రూపాయి కూపను వచ్చెను. ఆ కాలమున ఒక రూపాయి చిన్నది కాదు. సంతనాడు జనులు కూపనులు పట్టుకొని వరుసగా వచ్చిరి. తండ్రిగారు కాదనక అందరికిని తగ్గించి యిచ్చిరి.

ఆయన బిల్లులను ఒక ఇనుప తీగకు గ్రుచ్చి గోడకు వ్రేలాడదీయుట అలవాటు. కూపనులను కూడ అట్లే గ్రుచ్చిరి. 143 కూపనులు పోగుపడెను. అప్పుడే ఏజెన్సీలో మనిషి మారెను. క్రొత్త మనిషి ఆరు వారముల తరువాత వచ్చి కట్టను తీసికొని పోయెను. మరి కొన్ని వారములకు జవాబు వచ్చెను. 52 చెల్లినవి. 38 కూపనులలో తీగ రంధ్రము వరుస సంఖ్య మీదుగా పోయినందున సంఖ్య చదువ వీలులేక త్రోసివేసిరి. 53 గడువు దాటి అందినవని త్రోసివేసిరి. మొత్తము 91 రూపాయలు పోయినవి.

తండ్రిగారు మిగిలిన ఒక కూపనును మా చేతికిచ్చి, "చదువుకుంటున్నావు కదరా, ఇందులో ఏముందో చెప్పు" అనిరి. వెనుక వైపున ఆవగింజలంత అక్షరములలో ఆంగ్లమున నాలుగు పంక్తులుండెను. మేము అక్షరములు కూడబలుకగలిగితిమి గాని అర్థము చెప్పలేకపోతిమి. మరునాడు మా ఉపాధ్యాయుని అడిగి తెచ్చితిమి: అమ్మిన నెల ముగిసిన 30 దినములలో కూపనులు చేరవలెను, చినిగినవి, రంధ్రము పడినవి చెల్లవు అని అందున్నది. తండ్రిగారు విని ఏమియు అనలేదు. ఆవర్జాలో "కూపను నష్టము 91" అని వ్రాసి పుస్తకము మూసిరి. ఆ తరువాత వారు ఏ కూపనును ముట్టలేదు. కొందరు వాడుకదారులు అలిగి వేరొక అంగడికి పోయిరి.

ఆ సంస్థ మోసము చేసినదని మేమనజాలము. నియమము అచ్చులో నున్నది. కాని అది చెల్లింపవలసినవాడు చదువలేని భాషలో నున్నది. సొమ్ము పోయిన దుఃఖముకంటె, చదువుకొనుచున్న కొడుకు చదివి చెప్పలేకపోయెనను సిగ్గు మాకు నేటికిని మరపునకు రాలేదు.

సంస్థల అనుమానమునకు కారణము

సంస్థలు ఇంత కఠినముగా నుండుట ఏల? దీనికి అమెరికా చరిత్ర చూడవలెను. కూపను అచ్చటనే పెద్ద వ్యాపారముగా పెరిగినది. 1886 లో అట్లాంటా నగరమున పుట్టిన కోకాకోలా పానీయమునకు 1887 ప్రాంతమున, ఒక గ్లాసు ఉచితముగా త్రాగవచ్చునను చీటీలు పంచిరి. తరువాత ఆ సంస్థకు అధిపతియైన ఏసా క్యాండ్లర్ ఈ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసెను. పానీయము పోసి యిచ్చినవాడు అంగడివాడు. వ్యయము భరించినది సంస్థ.

కాలక్రమమున వేలాది సరుకులకు కూపనులు వచ్చెను. ప్రతి అంగడివాడును ప్రతి సంస్థకును వేర్వేరుగా పంపుట అసాధ్యమయ్యెను. అప్పుడు నడుమ నిలిచి లెక్క తేల్చు సంస్థలు పుట్టెను. 1957 లో నీల్సన్ సంస్థ ఇట్టి కూపను తీర్మాన గృహమును స్థాపించెను. అంగళ్లవారు కూపనులను పెట్టెలలో నింపి అట్టి గృహములకు పంపుదురు; వారు సంస్థల వారీగా ఏరి, లెక్కించి, సొమ్ము రాబట్టి యిత్తురు. ఏరుపని చౌకగా సాగుటకై పెట్టెలను సరిహద్దు దాటించి మెక్సికో పట్టణములకు పంపి అచ్చట చేతితో ఏరించుటయు కలదు. ఒక తల్లి వంటయింటిలో కత్తిరించిన ముక్క ఇట్లు దేశాంతరము పోయి, లెక్కకెక్కి, అంగడివానికి సొమ్మై తిరిగి వచ్చును.

అచ్చటి యేర్పాటులో మనము గమనింపదగినది ఒకటి కలదు. అమెరికా కూపనుల మీద, అంగడివానికి ముద్రిత విలువతోబాటు 8 సెంట్లు అదనముగా ఇచ్చెదమని వ్రాయుట వాడుక. ఏరుట, దాచుట, పంపుట అను శ్రమకు అది కూలి. మన ప్రాంతమున ఇట్టి కూలి ఒప్పందములో వ్రాసికొన్ననే గాని రాదు. చిన్న అంగడివాడు దానిని అడుగవచ్చునని కూడ ఎరుగడు.

సొమ్ము ఉన్నచోట దొంగతనమును ఉండును. సరుకు అమ్మకయే పత్రికలనుండి కూపనులు కత్తిరించి పంపి సొమ్ము తీసికొను అంగడివారు బయలుదేరిరి. వారిని పట్టుటకు 1977 లో న్యూయార్కు ప్రాంతపు పత్రికలలో 'బ్రీన్' అను బట్టల సబ్బు పొడికి కూపను ప్రకటించిరి. అట్టి పొడి లోకములో లేదు. ఎవరును తయారు చేయలేదు. ఏ అంగడిలోను అమ్మలేదు. అయినను "మేము అమ్మితిమి, సొమ్మిండు" అని కూపనులు వేలకొలదిగా వచ్చి పడెను. ఈ విధముగా దొంగలు తమంతట తామే పట్టుబడిరి. తరువాతి కాలమున దొంగ కూపనుల అచ్చు కూడ పెరిగెను. 2021 లో వర్జీనియా రాష్ట్రమున, 3 కోట్ల 10 లక్షల డాలర్లకు పైబడిన నష్టము కలిగించిన దొంగ కూపనుల కేసులో న్యాయస్థానము 12 సంవత్సరముల కారాగార శిక్ష విధించెను.

సంస్థలు గడువు, వరుస సంఖ్య, కొన్న సరుకు బిల్లు అని పట్టుబట్టుట ఇందువలననే. అనుమానము నిష్కారణము కాదు. కాని దొంగ చేసిన పనికి శిక్షగా వచ్చిన నియమము, దొంగకంటె ముందు ఏమరుపాటుగల నిజాయితీపరుని మీద పడుచున్నది. మా తండ్రిగారి 38 కూపనులు అట్టివే.

పన్ను లెక్క

ఇందులో పన్ను చిక్కు కూడ కలదు. అంగడివాడు 45 రూపాయల నగదు పుచ్చుకొనెను. పన్ను 45 మీదనా, 50 మీదనా?

అంగడివాడు తానై బిల్లులోనే 5 రూపాయలు తగ్గించి, ఎవరినుండియు తిరిగి పొందకున్నచో, వెల 45 మాత్రమే. 2017 నాటి కేంద్ర జి.ఎస్.టి. చట్టము 15వ విభాగము బిల్లులో చూపిన తగ్గింపును వెలనుండి తీసివేయ ననుమతించుచున్నది. కాని తయారీదారుడు ఆ 5 రూపాయలు తిరిగి యిచ్చునప్పుడు సంగతి వేరు. అదే చట్టము 2వ విభాగములో, ప్రతిఫలమనగా కొన్నవాడు ఇచ్చినది మాత్రమే కాదు, అతనికి బదులు మరియొకడు ఇచ్చినదియు చేరునని చెప్పబడినది. కొనుగోలుదారునకు తక్కువ వెలకు ఇచ్చెదనని తయారీదారుడు మాట యిచ్చి, ఆ భేదమును అంగడివానికి క్రెడిట్ నోటుగా పూరించినచో, ఆ మొత్తము ప్రతిఫలములో చేరునని 2025 సెప్టెంబరు 12 నాటి కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులరు స్పష్టపరచినది. కావున జి.ఎస్.టి. రిజిస్ట్రేషను గల అంగడివాడు సాధారణ పద్ధతిన 50 మీద లెక్క చూపవలెను.

2025 సెప్టెంబరు 22 నుండి స్నానపు సబ్బు మీద పన్ను నూటికి 5. పన్నుతో కలిసిన వెల 50 అయినచో దానిలో పన్ను 2 రూపాయల 38 పైసలు. 45 అయినచో 2 రూపాయల 14 పైసలు. భేదము 24 పైసలు. ఒక సబ్బునకు ఇది లెక్కకు రాదు. వేయి సబ్బులకు 240 రూపాయలు.

ఇట్టి వివాదము ఐరోపాలోను పుట్టినది. బ్రిటనులో సబ్బులు, సౌందర్య సామగ్రి చేయు ఎలిడా గిబ్స్ సంస్థ కూపనులకు సొమ్ము తిరిగి చెల్లించి, "మేము నిజముగా పొందినది ఆ మేరకు తక్కువ గదా, దానిమీద పన్ను ఏల?" అని అడిగెను. 1996 అక్టోబరు 24 న ఐరోపా న్యాయస్థానము ఆ వాదమును అంగీకరించెను: తయారీదారుని పన్ను లెక్కనుండి అతడు తిరిగి చెల్లించిన కూపను మొత్తము తీసివేయవలెనని తీర్పు చెప్పెను. ఒక చీటి ముక్కకు కూడ న్యాయమైన లెక్క కావలెనని పెద్ద న్యాయస్థానము కూర్చుండి తేల్చిన విషయమిది.

నేటి మార్పు

నేడు కాగితపు కూపను తగ్గుచున్నది. డబ్బా లోపల క్యు.ఆర్. కోడు ముద్రించి, దానిని ఫోనుతో చూపిన కొనుగోలుదారుని ఖాతాకే సొమ్ము పంపు పథకములు వచ్చినవి. 2016 లో మొదలైన యు.పి.ఐ. వలన ఇది సులభమయ్యెను. ఈ పద్ధతిలో అంగడివాడు పూర్తి వెల పుచ్చుకొనును. ముందుగా సొమ్ము పెట్టు భారము అతనికి లేదు. ఇది మేలే. కాని ఫోను లేని ముసలివారికి తగ్గింపు దక్కదు. మరియొక హెచ్చరిక: మనకు సొమ్ము రావలసినపుడు పిన్ సంఖ్య వేయవలసిన పని ఎన్నడును లేదు. పిన్ అడిగినచో అది సొమ్ము తీసికొను దారి యని గ్రహింపవలెను.

కొనుగోలుదారునకును హక్కు కలదు. ఇచ్చు ఉద్దేశము లేకయే బహుమానమో, ఉచితమో ఇచ్చెదమని ప్రకటించుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. దీనిని గూర్చి 1915 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసి అడుగవచ్చును. అడుగవలసినది మాట యిచ్చిన సంస్థను. దారిలో నున్న అంగడివానిని తిట్టుటవలన ప్రయోజనము లేదు.

ఆ బాలికకు సమాధానము

ప్రశ్న అడిగిన రెండు దినములకు ఆ బాలిక అటువంటి కూపనునే యొకటి తరగతికి తెచ్చెను. వెనుకటి చిన్న అక్షరములను నల్లబల్ల మీద పెద్దవిగా వ్రాయించితిమి. ఆంగ్లమునుండి తెలుగునకు కొందరు, తమిళమునకు కొందరు మార్చిరి. గడువు మిగిలియే యున్నది. కాని "పథకములో చేరిన అంగళ్లలో మాత్రమే చెల్లును" అను పంక్తి కనబడెను. ఆమె తల్లి అంగడిని ఏజెన్సీవారు పథకములో చేర్చలేదు. తల్లి కూపనును తీసికొని యున్నచో ఆ 5 రూపాయలు ఎవరును ఇచ్చి యుండరు. ఆమె నిరాకరించుట న్యాయమే. అయితే ఎందుకు నిరాకరించెనో చెప్పుటకు ఆమెవద్ద మాటలు లేకపోయినవి. ఏలయన ఆమెకు కూడ ఎవరును చదివి చెప్పలేదు.

పిల్లలు ఒక అట్ట మీద తెలుగులోను, తమిళములోను ఇట్లు వ్రాసి యిచ్చిరి: "ఈ అంగడిలో ఏజెన్సీవారు వ్రాతమూలముగా ఒప్పుకొన్న కూపనులు మాత్రమే తీసికొనబడును. ఆ కూపనుల పేర్లు క్రింద వ్రాయబడినవి." ఆ అట్ట నేటికిని ఆ అంగడి గోడమీద నున్నది. తరువాత ఏజెన్సీ మనిషి వచ్చినపుడు ఆ తల్లి మొదట అడిగినది పథకములో తన పేరు చేర్చుమని. రెండవది చేర్చినట్లు సంతకము చేయుమని. పొరుగింటి ఆవిడ మరల అక్కడనే సరుకు కొనుచున్నదని బాలిక చెప్పెను.

విద్యార్థులారా, మనము ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, కాగితము మీద ఆంగ్లము చూచుచు పెరుగువారము. ఈ మూడును మనకు భారమని కొందరందురు. కాని మీ యింటి సొమ్ము ఏ భాషలోని చిన్న అక్షరములలో దాగియుండునో ఎవరు చెప్పగలరు? మీ తల్లిదండ్రులు ఒక కాగితము మీ చేతికిచ్చి "ఇందులో ఏముంది?" అని అడుగు దినము వచ్చును. ఆ దినమున మీరు మా వలె తలవంచుకొనక, చదివి చెప్పగలవారు కావలెనని మా కోరిక.

అభ్యాసము

1. ఒక బిస్కత్తు పొట్లము వెల 30 రూపాయలు. అంగడివాడు కొన్నది 27 రూపాయలకు. కూపను విలువ 3 రూపాయలు. కూపనులతో 200 పొట్లములు అమ్మెను. 25 కూపనులు చెల్లలేదు. అతనికి మిగిలిన లాభమెంత? నష్టపోయినది లాభములో నూటికెంత?

2. అమెరికాలో ఒక అంగడివాడు 50 సెంట్ల కూపనులు 40 పంపెను. ఒక్కొక్కదానికి 8 సెంట్ల కూలి చేర్చినచో అతనికి రావలసిన మొత్తమెంత?

3. మీ యింటిలోని ఏదైన సరుకు డబ్బా మీది ఆంగ్ల నియమములను తెలుగులోను, తమిళములోను వ్రాసి, ఇంటి పెద్దలకు చదివి వినిపింపుడు. వారు అడిగిన ప్రశ్నలను వ్రాసికొని తరగతికి తెండు.